బండి కదలని శుక్రవారాలు

మోటారు బండి మొరాయించినప్పుడు చుట్టూ చేరే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు గాని, తీర్పు మాత్రం ఒక్కటే ఇస్తారు: "బ్యాటరీ పోయింది." ఇంట్లో పాలు తక్కువైతే పిల్లి మీద నింద పడినట్లు, బండిలో ఏ లోపం వచ్చినా మొదట బ్యాటరీ మీదనే పడుతుంది. అది నిజంగా పోయి ఉండవచ్చు. పోకుండా ఉండనూ వచ్చు. అది తేల్చుకోకుండా కొత్తది కొని పెట్టించుకున్న ఇళ్ళలో, మూడు నెలలు తిరగకుండానే కొత్తది కూడా పాతదాని దారి పట్టడం మేము మా వాడలోనే చూచాము. అందుచేత ఈ సంగతి నలుగురికీ ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము.

మా ఘుగ్గుస్ సంగతి మన చదువరులకు చాలామందికి తెలిసినదే. ఒక వంక బొగ్గు గనులు, ఒక వంక సిమెంటు కర్మాగారం, ఇంకొక వంక ఇనుము తయారీ. పక్కనే వర్ధా నది. తాతల నాడు కరీంనగరం, ఆదిలాబాదు వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఒకప్పుడు వాడకు ఒక సైకిలు ఉంటే గొప్ప. ఇప్పుడు ఇంటి ముందు పాత కారైనా ఒకటి నిలబడి ఉంటున్నది. ఇది దర్జా కోసం కాదు. పెద్ద వైద్యం కావాలంటే పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న చంద్రపూరు పోవాలి. వేళ కాని వేళలో ఆటో దొరకదు, బస్సు రాదు.

మా ఇంట్లో కారు అవసరం మా అమ్మది. ఆమెకు మూత్రపిండాలు చాలించుకున్నవి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి చంద్రపూరు తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. తెల్లవారి అయిదింటికి ఇల్లు కదిలితేనే ఆమె వంతు వేళకు అందుకుంటాము. యంత్రాలు కొన్నే, మనుషులు ఎందరో. వంతు తప్పితే ఇంకొకరికి పోతుంది. ఆ తరువాత ఎవరిననడానికీ లేదు, వాళ్ళకూ అది ప్రాణావసరమే.

ఇటువంటి స్థితిలో మా బండి శుక్రవారాలు కదలనని పేచీ పెట్టడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే "టిక్, టిక్" అని చప్పుడు తప్ప ఇంజను తిరిగేది కాదు. అన్ని శుక్రవారాలూ కాదు, కొన్ని మాత్రమే. మంగళవారం నాడు కొంచెం మూలిగినా చివరకు కదిలేది. ఒక శుక్రవారం ఇరుగుపొరుగు నలుగురు తోసినా లేవలేదు. బతిమాలి ఒక ఆటో మాట్లాడుకొని పోయేసరికి వంతు దాటింది. మరునాటికి వాయిదా పడింది. ఆ రాత్రి అమ్మ పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకొని కూర్చునే తెల్లవార్లూ గడిపింది.

తెల్లవారిన తరువాత ఆమె అన్న మాట మమ్మల్ని బండి కంటె ఎక్కువ కలత పెట్టింది. "శుక్రవారం పొద్దున బండి గడప ముందరే నిలవడ్తున్నదంటే లచ్చిమి వద్దంటున్నట్టే గద బిడ్డా. ఈ తిప్పలు మీకెందుకు? ఇగ మానేద్దాం" అన్నది. మానివేయడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. కారణం తెలియని లోపం ఇంట్లో ఎక్కువ రోజులు ఉంటే అది శకునమై కూర్చుంటుంది. బ్యాటరీల దుకాణం అతను చూచి, ఇది పనికిరాదు, నాలుగు వేల పైచిలుకు పెడితే కొత్తది వేస్తానన్నాడు. డబ్బు సంగతి అటుంచి, కొత్తది వేసిన తరువాత వచ్చే శుక్రవారం కూడా బండి కదలకపోతే అమ్మకు ఏమని సమాధానం చెప్పాలి?

మా వాడలో అందరమూ కాక అని పిలుచుకునే పెద్దాయన ఒకరున్నారు. గనిలో ల్యాంపు రూములో పని చేసి రిటైరైనారు. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు టోపీకి దీపం, నడుముకు దాని బ్యాటరీ కట్టుకొని దిగుతాడు. ఇప్పుడు తేలికపాటి లిథియం దీపాలు వచ్చినవి గాని, కాక చేసిన రోజులలో అవి మన కారులో ఉండే జాతివే, సీసం పలకలూ గంధకామ్లమూ ఉన్న బ్యాటరీలు. షిఫ్టు ముగియగానే దీపం ల్యాంపు రూములో అప్పగించాలి, అక్కడ చార్జికి పెట్టాలి, మరుసటి షిఫ్టుకు ఇచ్చే ముందు చూచి ఇవ్వాలి. చీకటిలో నడుమ దీపం ఆరిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుచేత ఆ పని చేసినవారికి బ్యాటరీని తిట్టే అలవాటు ఉండదు, విచారించే అలవాటు ఉంటుంది.

కాక మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బ్యాటరీని అనకు బిడ్డా. ముందుగాల అది కడుపునిండ తిన్నదా? తిన్నది నిలుపుకున్నదా? నిలుపుకున్నదాన్ని రాత్రిపూట ఎవడన్న తాగుతున్నడా? గీ మూడు అడుగు. మూడిట్ల ఒకటే దొంగ" అన్నారు. తరువాత మేము పుస్తకాలలో చూచినా, మెకానిక్కులను అడిగినా, ఈ మూడు ప్రశ్నలకు మించినది ఏమీ అగుపించలేదు.

బ్యాటరీ అంటే కరెంటు పుట్టించే యంత్రం కాదు, దాచిపెట్టే కుండ. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సీసం పలకలతో దీనిని మొదట తయారు చేశాడు. కారు దీనిమీద ఆధారపడడం తరువాతి ముచ్చట. మొదటి రోజులలో ముందు నిలబడి హ్యాండిలు తిప్పి ఇంజను లేపేవారు. 1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కరెంటుతో తిరిగే స్టార్టరు తయారు చేయగా, 1912 నమూనా కాడిలాక్ కార్లలో అది వచ్చింది. మన అంబాసిడరుకు మాత్రం హ్యాండిలు చాలాకాలం తోడుగా ఉండేది. బ్యాటరీ కూలబడినా కండబలం ఉన్నవాడు ఒకడుంటే బండి లేచేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లకు హ్యాండిలు లేదు. రెండో గేరులో తోసి లేపుదామన్నా, బ్యాటరీ పూర్తిగా అడుగంటితే పెట్రోలు పంపుకూ, లోపలి కంప్యూటరుకూ కరెంటు అందక ఇంజను లేవదు.

కారు బ్యాటరీలో ఆరు గదులుంటవి. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది. నిండుగా ఉన్నప్పుడు మొత్తం 12.6 వోల్టులు. బండి ఆపి కొన్ని గంటలు ఊరకుంచి మీటరు పెడితే 12.4 వస్తే ముప్పాతిక, 12.2 వస్తే సగం, 12కు వస్తే పావు భాగం మాత్రమే మిగిలిందని అర్థం. 12 అనే అంకె చూచి నిండుగా ఉన్నదని సంతోషించరాదు.

మరొక సంగతి. సెల్ఫు కొట్టడానికి బ్యాటరీ అంతా ఖర్చవుతుందని చాలామంది అనుకుంటారు. సెల్ఫు 150 ఆంపియర్లు లాగినా, మూడు సెకన్లలో పని ముగిస్తే ఖర్చయ్యేది ఆంపియర్-గంటలో ఎనిమిదవ వంతు. మా చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. అంటే సెల్ఫుకు కావలసింది పరిమాణంలో కొంచెమే, గాని ఒక్క ఊపున కావాలి. సగానికి దిగువకు పడిన బ్యాటరీ చిన్న దీపాన్ని వెలిగించగలదు గాని ఆ ఊపు ఇవ్వలేదు. దీపాలు వెలుగుతున్నవి, హారను మోగుతున్నది, బండి మాత్రం కదలదేమిటని ఆశ్చర్యపడేది ఇందుకే.

ఇక మొదటి ప్రశ్న: తిన్నదా? ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరు. మన మెకానిక్కులు నేటికీ డైనమో అనే అంటారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ రెండు కొసల మీద మీటరు పెడితే సామాన్యంగా 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. మాది 14.2 చూపింది. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా పెద్దగా తగ్గలేదు. బెల్టు వదులు కాలేదు. కొసల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే బూజు వంటి పొడి ఉంటే కరెంటు లోపలికి పోదు, బయటికీ రాదు. తినే సోడా కలిపిన నీళ్ళతో, బ్రష్షుతో కడిగి, ఆరిన తరువాత వాసెలీను పూయాలి. ఇంజనునుంచి బాడీకి పోయే ఎర్తు తీగ బిగువు కూడా చూచాము. అంతా సరిగ్గానే ఉన్నది. మొదటి దొంగ కాదని తేలింది.

రెండవ ప్రశ్న: నిలుపుకున్నదా? ఇందుకు కాక చెప్పిన ఉపాయం చాలా సులభం. బ్యాటరీని బండి నుంచి విడదీసి విచారించాలి. ముందు నెగెటివు తీగ, తరువాత పాజిటివు తీగ విప్పి, బయటకు తెచ్చి, రాత్రంతా మెల్లగా చార్జి చేశాము. బ్యాటరీ కొలతలో పదవ వంతు కరెంటు మించకూడదన్నారు. మా 35కు మూడున్నర ఆంపియర్లు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది కనుక గాలి ఆడే చోట, అగ్గిపుల్ల, బీడీ దగ్గరకు రాకుండా ఉంచాలి. తరువాత రెండు రోజులు దానిని ఏ తీగా తగిలించకుండా పీట మీద ఉంచాము. మొదట 12.7, రెండు రోజుల తరువాత 12.6. మళ్ళీ బండిలో పెట్టి సెల్ఫు కొడుతూ చూస్తే 10.6కు దిగింది. ఆ సమయంలో 9.6కు దిగువకు పోతేనే బ్యాటరీ అలసిపోయిందని అర్థం. కనుక పనికిరాదన్న బ్యాటరీ పనికివచ్చేదే.

ఈ సందర్భంలో మన ప్రాంతపు ఎండల మాట చెప్పాలి. చలికాలంలో బండి కదలదు కనుక చలి బ్యాటరీకి శత్రువని అనుకోవడం పరిపాటి. అసలు హాని చేసేది వేసవి. వేడి పది డిగ్రీలు హెచ్చితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక లెక్క ఉన్నది. చంద్రపూరు జిల్లాలో మే నెలలో 46, 47 డిగ్రీలు మనకు కొత్త కాదు; బానెట్టు కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎండ దెబ్బ తిన్న బ్యాటరీ చలికాలంలో బయటపడుతుంది. నీళ్ళు పోసే రకమైతే నెలకొకసారి మూతలు తీసి చూడాలి, డిస్టిల్డు వాటరే పోయాలి. బోరు నీటిలోని ఇనుము, ఉప్పు దానికి విషం. బ్యాటరీ పైన పేరుకునే బొగ్గు దుమ్మును కూడా గుడ్డతో తుడుస్తుండాలి. ఆమ్లపు చెమ్మతో కలిసిన దుమ్ము రెండు కొసల మధ్య సన్నని దారి వేసి కరెంటును కొంచెం కొంచెంగా జార్చుతుంది.

ఇక మిగిలింది మూడవ దొంగ. బండి నిలిపి తాళం తీసినా గడియారం, కంప్యూటరు, తలుపుల అలారం కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటవి. 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటే అది న్యాయమైన జీతం; అంతకు మించినది చౌర్యం. అయితే మా బండిలో ఆ దొంగ రోజూ రాడు, కొన్ని రాత్రులే వస్తాడు. అటువంటి వాడిని మీటరు పెట్టి పట్టడానికి ముందు, వాడు వచ్చే రోజులేవో తెలుసుకోవాలి.

ఆఫీసులో జీవితమంతా రిజిస్టర్లు వ్రాసిన చెయ్యి కనుక, ఒక నోటుపుస్తకం తీసి గీతలు గీశాము. బండి ఎప్పుడు వచ్చి నిలిచింది, ఎవరు తెచ్చారు, ఎక్కడికి పోయి వచ్చింది, మళ్ళీ ఎప్పుడు తాళం తిప్పారు, కదిలిందా లేదా. నెలన్నర వ్రాసేసరికి కాగితమే మాట్లాడసాగింది. ఆరు శుక్రవారాలలో మూడు తప్పినవి. ఆ మూడు వారాలూ మంగళవారం సాయంత్రం అమ్మను దింపిన తరువాత శుక్రవారం తెల్లవారేదాకా బండిని ఎవరూ ముట్టలేదు. మిగిలిన మూడు వారాలలో బుధవారమో, గురువారమో తమ్ముడి కొడుకు కూరగాయలకో, గ్యాసు సిలిండరుకో తీసుకుపోయి వచ్చాడు. ఆదివారం ఎవరో ఒకరు తీసేవారు కనుక మంగళవారాలు గట్టెక్కుతున్నవి. ఇందులో లక్ష్మీదేవి ప్రసక్తి ఏమీ లేదు. అమ్మ దిగిన తరువాత బండిలో ఏదో జరుగుతున్నది. కుర్రవాడు తీసుకుపోయి వస్తే అది ఆగిపోతున్నది.

వచ్చే మంగళవారం అమ్మను దింపి, బండిని కదల్చకుండా ఉంచి, కాక ఎదుట మీటరు పెట్టాము. పద్ధతి ఇది: నెగెటివు తీగ విప్పి, తీగకూ బ్యాటరీ కొసకూ మధ్య, పది ఆంపియర్ల స్థానంలో పెట్టిన మీటరును తగిలించాలి. తలుపులన్నీ మూసి ఉండాలి. తాళం ముట్టకూడదు, ముట్టి సెల్ఫు కొడితే మీటరు కాలిపోతుంది. కంప్యూటరు నిద్రపోవడానికి అరగంట వేచి ఉండాలి. అరగంట తరువాత చూస్తే మీటరులో 0.45 ఆంపియర్లు! న్యాయమైన జీతపు పై హద్దుకు తొమ్మిది రెట్లు.

ఆ తరువాత ఫ్యూజులు ఒక్కొక్కటే ఊడదీసి చూడడం. ఒకటి తీసినా అంకె కదలలేదు, రెండు తీసినా కదలలేదు. లోపలి దీపాల ఫ్యూజు తీయగానే 0.03కు పడిపోయింది. అంటే ఎక్కడో దీపం వెలుగుతున్నది. పైకప్పు దీపం ఆరే ఉన్నది. మిగిలింది డిక్కీ దీపం. మూసిన డిక్కీలో దీపం వెలిగేదీ లేనిదీ తెలిసేదెట్లా? తమ్ముడి కొడుకు ఫ్యూజు తిరిగి పెట్టి, ఫోనులో వీడియో నడిపించి డిక్కీలో ఉంచి, మూత దడాలున వేశాడు. తీసి చూస్తే బొమ్మ చీకటి, దీపం ఆరింది. రెండోసారి మెల్లగా ఒత్తి మూశాము. వీడియో నిండా వెలుతురు.

మూత లోపలి అంచున చిన్న రబ్బరు బిరడా ఒకటి ఉండాలి. మూత మూసినప్పుడు అది స్విచ్చు పుల్లను ఒత్తి దీపం ఆర్పుతుంది. అమ్మను కూర్చోబెట్టే చక్రాల కుర్చీని డిక్కీలో ఎక్కించి దించేటప్పుడు దాని ఇనుప చట్రం తగిలి తగిలి ఆ బిరడా ఊడిపోయింది. అయినా మూత గట్టిగా వేస్తే రేకే పుల్లను ఒత్తుతుంది. మెల్లగా వేస్తే ఒత్తదు. మంగళవారం సాయంత్రం కుర్చీ దించి అమ్మను అందులో కూర్చోబెట్టినప్పుడు, సూదులతో, ప్రయాణంతో నీరసించిన ఆమె చప్పుడుకు ఉలికిపడుతుందని ఇంటిల్లిపాదీ డిక్కీని మెల్లగానే మూస్తారు. కుర్రవాడు సిలిండరు దించి దడాలున మూస్తాడు.

లెక్క వేసి చూచాము. అయిదు వాట్ల బల్బు, బండి మామూలు ఖర్చు కలిసి 0.45 ఆంపియర్లు. మంగళవారం సాయంత్రం అయిదింటి నుంచి శుక్రవారం తెల్లవారి అయిదింటి దాకా 60 గంటలు. మొత్తం 27 ఆంపియర్-గంటలు. 35లో 27 పోతే మిగిలింది ఎనిమిది. టిక్, టిక్ అనక ఏమంటుంది? చంద్రపూరు దాకా ఒకసారి నడిపినంత మాత్రాన ఆ లోటు తీరదు. అటువంటి రోజున రాత్రంతా చార్జరు మీద పెట్టవలసిందే. అడుగంటిన బ్యాటరీని అట్లాగే వదిలితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మంచి బ్యాటరీ నిజంగానే పోతుంది. కొత్త బ్యాటరీలు మూడు నెలలకే చెడడానికి రహస్యం చాలా ఇళ్ళలో ఇదే కావచ్చు.

బిరడాకు అయిన ఖర్చు ఒక టీ ఖర్చు. దానితోపాటు నలుగురం కలిసి వాడకు ఒక మీటరు, ఒక చార్జరు, ఒక జత జంపరు తీగలు కొన్నాము. జంపరు తీగలు వాడే వరస కాగితం మీద వ్రాసి పెట్టెకు అంటించాము: ఎర్రతీగ మొదట చచ్చిన బ్యాటరీ పాజిటివుకు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివుకు, నల్లతీగ మంచి బ్యాటరీ నెగెటివుకు, చివరి కొస చచ్చిన బండి ఇంజను మీది పెయింటు లేని ఇనుముకు. చివరి నిప్పురవ్వ బ్యాటరీకి దూరాన రావాలని ఈ జాగ్రత్త. విప్పేటప్పుడు అదే వరస వెనుక నుంచి ముందుకు.

అమ్మకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. డిక్కీ మెల్లగా మూసి, ఫోనులో ఆ వెలుతురు చూపించాము. కాసేపు చూచి, "నా నిద్ర చెడద్దని మూసిన మూతేనా ఇది!" అని నవ్వింది. మానేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మంగళవారాలు, శుక్రవారాలు యథాప్రకారం పోయి వస్తున్నది. డిక్కీ ఇప్పుడు కూడా మెల్లగానే మూస్తున్నాము.

మీటరు, తీగల పెట్టె కాక ఇంట్లో ఉన్నవి. నోటుపుస్తకం కూడా అక్కడనే ఉంచాము. ఎవరి బండి మొరాయించినా మీటరు కంటె ముందు కాక ఆ పుస్తకమే చేతికిచ్చి, పది రోజులు వ్రాసుకొని రమ్మంటున్నారు.